మూడోసారి చూసే మనిషి

ఈ దేశంలో చనిపోయినవాళ్ల పేర్లు రేడియోలో చదువుతారు. పొద్దున వార్తలయ్యాక ఒక ఆడమనిషి తొందర లేకుండా చదువుకుంటూ పోతుంది. పేరు, ఊరు, ఎవరి భర్త, ఎవరి తండ్రి, చివరిచూపుకి ఇంటికి ఎప్పుడు రావచ్చు, ప్రార్థన ఏ చర్చిలో. కొత్తలో నాకిది వింతగా ఉండేది. తర్వాత అలవాటైపోయింది. కారు కిటికీ పక్కనుంచి చెట్లు వెనక్కి పోయినట్టు ఆ పేర్లు పోతూ ఉండేవి.

మొన్న శనివారం నేస్‌లోని మా ఇంటి నుంచి ములింగార్ వెళ్తున్నాను. మా అమ్మాయి చదువుకోవడానికి ఎవరో పాత బల్ల ఒకటి అమ్ముతుంటే తెచ్చుకుందామని. దారిలో రేడియో పెట్టాను. నాలుగో పేరు ఆయనది. ఈసారి పోల్చుకోవడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. కారు పక్కకి తీసి ఆపాను. వెనకాల వచ్చే ట్రాక్టరు మనిషి దాటుతూ చెయ్యి ఎత్తి, అంతా బాగానే ఉందా అన్నట్టు చూశాడు. నేనూ చెయ్యి ఎత్తాను. బాగానే ఉందని చెప్పడం నాకు బాగా అలవాటు.

ఆయన్ని నేను బుధవారాలు మాత్రమే చూశాను. ములింగార్‌కి ఇవతల ఒక పాత గిడ్డంగిలో షూటింగ్ రేంజ్ ఉంది. కిటికీలు లేని పొడుగాటి గది, గోడలకి మందపాటి రబ్బరు, చివర గురిపెట్టడానికి వేలాడే అట్టలు. డబ్లిన్ డాక్‌ల్యాండ్స్‌లో ఉన్న మా ఆఫీసువాళ్లు ఒకసారి సరదాగా అక్కడికి తీసుకెళ్లారు. ఆ సరదా మిగతావాళ్లకి ఒక్కరోజులో తీరిపోయింది, నాకు తీరలేదు. బుధవారాలు ఇంటి నుంచే పని కాబట్టి అయిదింటికి లాప్‌టాప్ మూసి బయల్దేరేవాణ్ణి. నాకు సొంత తుపాకీ లేదు. క్లబ్బుది ఒక పంప్ యాక్షన్ షాట్‌గన్ ఉంటుంది, పక్కన వాళ్ల మనిషి నిలబడితేనే చేతికిస్తారు. బుధవారం పూట ఆ నిలబడే మనిషి ఆయన.

డెబ్బై దాటి ఉంటాయి. తలమీద గళ్ల టోపీ, మెడలో తుపాకీ మోత వినపడకుండా పెట్టుకునే చెవి కప్పులు, చేతిలో కర్ర. ఆ కర్ర చివర అయస్కాంతం బిగించుకున్నాడు. కాల్చిన తూటాల ఖోళ్లు కింద దొర్లుతుంటే వంగకుండా వాటి అడుగు రేకుని కర్రతో అంటించి బకెట్టులో వేసేవాడు. నేను ఎన్ని కాల్చానో నాకు తెలిసేలోపే బకెట్టులోకి చూసి చెప్పేవాడు. ఏదన్నా వినాలంటే ఒక వైపు చెవి కప్పు మాత్రమే ఎత్తేవాడు, తలుపు వారగా తీసినట్టు. చెప్పింది నచ్చకపోతే దించేసుకునేవాడు.

పంప్ యాక్షన్ అంటే, గొట్టం కింద ఉన్న పిడిని వెనక్కి లాగి ముందుకి తోయాలి. కాలిన ఖోలు పక్కకి ఎగిరిపడి కొత్త తూటా లోపలికొస్తుంది. చక్, చక్. ఆ చప్పుడు కోసమే చాలామంది వస్తారు. నేనూ అందుకే వచ్చాను. ఆయనకి ఆ చప్పుడంటే ఆసక్తి లేదు. కాల్చడం అయిపోయాక జరిగేదే ఆయనకి అసలు పని.

"ఖాళీ అని చూపించు" అనేవాడు.

పిడి వెనక్కి లాగి పట్టుకుని చూపించాలి. ఆయన కళ్లద్దాలు ముక్కు మీదకి జరుపుకుని ఒకసారి చూసేవాడు. తర్వాత చిటికెనవేలు లోపల పెట్టి తడిమేవాడు. అది రెండోసారి. తర్వాత తుపాకీ తిప్పి, మిగతా తూటాలు వరసగా ఉండే కింది గొట్టంలోకి చూసేవాడు. అది మూడోసారి. రెండేళ్లలో ఒక్క బుధవారం కూడా రెండుసార్లతో ఆపలేదు.

"ఎప్పుడూ ఇంకొకటి కింద దాక్కుని ఉంటుంది" అనేవాడు. తుపాకీని ఆయన ఆవిడ అనే అనేవాడు. "ఆవిడ అబద్ధం చెప్పదు. అడిగినదానికే జవాబు చెప్తుంది. పైన ఖాళీనా అంటే ఖాళీ అంటుంది. కింద సంగతి మనం విడిగా అడగాలి."

ఒక బుధవారం ఆఫీసులో నాకు రావలసిన పని నా తర్వాత చేరినవాడికి ఇచ్చారు. ఆ కోపంతో వచ్చి అయిదు నిమిషాల్లో తూటాల డబ్బా సగం కాల్చేశాను. అట్ట చుట్టుపక్కల రబ్బరుకి తగిలిందే ఎక్కువ. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి ఆపి, తన చెవి కప్పు ఒకటి ఎత్తి, నాదీ ఒకటి ఎత్తాడు.

"ఎవరినో కొడుతున్నావు" అన్నాడు. "వాళ్లిక్కడ లేరు. ఇక్కడ అట్ట ఒక్కటే ఉంది. దాన్ని చూడు."

"సారీ."

"గ్రాండ్" అని చెవి కప్పు వదిలేశాడు. ఆయన గ్రాండ్ అంటే బాగుందని కాదు. బాగా కాలిస్తే "అది నువ్వు కాదు, అదృష్టం, ఇంకొకటి కాల్చు" అనేవాడు. ఏదన్నా చెడిపోయి, ఇక దాని గురించి మాట్లాడి లాభం లేనప్పుడే గ్రాండ్. ఈ సంగతి పట్టుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

పేర్ల సంగతి చెప్పాలి. మొదటిరోజు తుపాకీ తిరిగి ఇస్తూ "థాంక్యూ సర్" అన్నాను. ఆయన వెనక్కి తిరిగి తలుపు వైపు చూశాడు.

"ఎవరొచ్చారు?"

"మిమ్మల్నే అన్నాను."

"ఇక్కడ సర్లు ఎవరూ లేరు. పేరు పెట్టి పిలువు" అని, క్లబ్బులో అందరూ పిలిచే ముద్దుపేరు చెప్పాడు.

మా నాన్న వయసు మనిషిని ముద్దుపేరుతో పిలవడానికి నాకు నోరు రాలేదు. ఇక్కడ మనవాళ్లలో పెద్దవాళ్లందరూ అంకుళ్లే కాబట్టి ఫోన్లో రేంజ్ అంకుల్ అని రాసుకున్నాను. ఎదురుగా ఏమీ పిలవకుండానే రెండేళ్లు నెట్టుకొచ్చాను. మనకిది చేతనవుతుంది. ఏమండీ అన్న ఒక్కమాటతో కాపురమంతా నడిపిన ఆడవాళ్లు మన ఇళ్లలో ఉన్నారు. నేను ఎక్స్‌క్యూజ్ మీతో నడిపాను. అది మర్యాద అనుకున్నాను. ఆయన అసలు పేరు, కాగితాల మీద పేరు ఏమిటని ఒక్కసారీ అడగలేదు. మర్యాద అయితే అడిగేవాణ్ణి.

ఆయన మాత్రం నా పేరుని వదల్లేదు. ఆఫీసులో అందరూ నన్ను మొదటి రెండక్షరాలతో పిలుస్తారు. అదే చెప్పాను.

"కుక్కపిల్లని పిలిచినట్టుంది" అన్నాడు. "మీ అమ్మ ఏమని పిలిచేది?"

ఇంటిపేరుతో సహా మొత్తం చెప్పాను. చిల్లులు పడ్డ అట్ట ఒకటి తెచ్చి వెనకాల రాయించుకున్నాడు. ఆ తర్వాత ప్రతి బుధవారం ఫ్లాస్కులోంచి టీ పోస్తూ, అల్లం బిస్కెట్లు మూడు తెచ్చుకుని అందులో ఒకటి నాకిస్తూ, నా పేరు మీద ఒకసారి ప్రయత్నం చేసేవాడు.

"ఎలా ఉంది?"

"దగ్గరికొచ్చింది."

"దగ్గరికొస్తే లెక్కలోకి రాదు. నేను నీకు చెప్పేది అదేగా" అని మళ్లీ మొదలుపెట్టేవాడు. ఆయన నోట్లో 'ట'లు 'త'లు కావడానికి ఒక శీతాకాలం పట్టింది.

ఆయనకీ సొంతంగా ఒక పంప్ తుపాకీ ఉండేది. దాని కర్ర పిడి అరిగి చెయ్యి పట్టే చోట నున్నగా మెరిసేది. రేంజ్ మూసే ముందు చివరి పది నిమిషాలు ఆయనవి. మూడే మూడు తూటాలు, మధ్యలో చాలాసేపు నిలబడి. మూడూ అట్ట మధ్యలో. తర్వాత తనకి తనే ఖాళీ అని చూపించుకునేవాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. ఆ పది నిమిషాల కోసం ఆయన వారమంతా బతుకుతున్నాడని చూసేవాళ్లెవరికైనా తెలిసేది. నాకు తెలుసు.

రెండో శీతాకాలం ఆయన ములింగార్ ఆసుపత్రిలో అయిదు వారాలు ఉండి వచ్చాడు. టోపీ కొంచెం వదులైంది. ఆసుపత్రిలో ఉండగా తుపాకీ లైసెన్సు గడువు దాటిపోయింది. ఆవిడని, అంటే తన తుపాకీని, తుపాకుల దుకాణంలో అప్పగించాల్సి వచ్చింది. ఇప్పుడు మళ్లీ కొత్తవాడిలా దరఖాస్తు పెట్టాలి. అందులో తనని ఎరిగినవాళ్లు ఇద్దరి పేర్లు రాయాలి, గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ఆ ఇద్దరికీ ఫోన్ చేసి అడుగుతారు.

"ఒకరు క్లబ్బు సెక్రటరీ" అన్నాడు టీ పోస్తూ. "రెండోవాళ్లని అడుగుదామంటే అందరూ శ్మశానంలో ఉన్నారు. వాళ్లు ఫోన్ ఎత్తరు. నీకు ఇబ్బంది లేకపోతే..."

"తప్పకుండా" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో గుర్తుంది.

"ఆలోచించుకుని చెప్పు."

"ఆలోచించేదేముంది."

ఆయన అట్ట తీసి నా పూర్తి పేరు దరఖాస్తులో అక్షరం అక్షరం ఎక్కించుకున్నాడు. రాశాక పైకి చదివాడు. తప్పు లేదు.

ఆ రాత్రి మా ఆవిడకి చెప్పాను. ఆవిడ గిన్నె కడుగుతున్నదల్లా ఆగింది.

"మీ సిటిజన్‌షిప్ కాగితాలు గవర్నమెంటు దగ్గరుండగా మీకు తుపాకుల గొడవేంటండీ? పోలీసుల ఫైల్లో మీ పేరెందుకు?"

"పాపం, పెద్దాయన. మంచివాడు."

"మంచివాడే అయ్యుండొచ్చు. మీరు అక్కడికి ఆడుకోవడానికి వెళ్తారనుకున్నాను, సాక్షి సంతకాలు పెట్టడానికి వెళ్తారనుకోలేదు."

మా ఇంట్లో సాక్షి సంతకమంటే ఒక భయం. మా నాన్న ఎవరి పొలం కాగితం మీదా, ఎవరి గొడవలోనూ సాక్షిగా సంతకం పెట్టలేదు, మమ్మల్ని పెట్టనివ్వలేదు. స్టేషను గుమ్మం ఒకసారి ఎక్కితే అది మనల్ని గుర్తుపెట్టుకుంటుందనేవాడు. ఆ భయాన్ని నేను సూట్‌కేసులో పెట్టుకుని ఇక్కడిదాకా తెచ్చాను. ఇది సాకుగా చెప్పడం లేదు. ఏ భయం తెచ్చుకున్నా అది పక్కవాడి మీద పడకుండా చూసుకోవలసింది నేనే.

రెండు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం ఆఫీసు ముందు కాలవ గట్టు మీద కూర్చుని డబ్బా భోజనం తింటుంటే ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"ములింగార్ గార్డా స్టేషన్ నుంచండీ. ఒక్క నిమిషం మాట్లాడొచ్చా?"

స్టేషన్ అన్న మాటకే నా నోట్లో ముద్ద ఆగిపోయింది. అవతల మనిషి మర్యాదగా ఒక పేరు చెప్పాడు. చర్చిలో పెట్టిన పేరు, మధ్య పేరు, ఇంటిపేరు. నేనెప్పుడూ వినని పేరు.

"ఈయన మీకు తెలుసా?"

"లేదు" అన్నాను. "తెలిసినట్టు లేదు."

అంతవరకూ అది నిజమే. ఆ పేరు నాకు నిజంగా తట్టలేదు.

కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. "షూటింగ్ రేంజ్‌లో ఉంటారు, పెద్దాయన. లైసెన్సు కోసం మీ పేరు రాశారు."

అప్పుడు తెలిసింది. టోపీ, కర్ర, అల్లం బిస్కెట్టు, నా పేరు రాసిన అట్ట, అన్నీ కళ్లముందుకొచ్చాయి. ఓ, ఆయనా, ఎందుకు తెలియదు అనడానికి నాకు కావలసినంత టైముంది. నేను ఆ టైములో నా సిటిజన్‌షిప్ దరఖాస్తు గురించి ఆలోచించాను. ఒకసారి లేదన్నాను కదా, ఇప్పుడు మాట మారిస్తే అనుమానం వస్తుందేమో అనీ ఆలోచించాను.

"రేంజ్‌లో చూసి ఉంటానండీ. అంతగా పరిచయం లేదు."

"సరే. అంతే కావలసింది. థాంక్స్."

ఫోన్ పెట్టేశాక మిగతా అన్నం తిన్నాను. ఈ ముక్క రాయకుండా ఉందామనుకున్నాను. తిన్నాను, డబ్బా కూడా కడుక్కున్నాను.

మూడు బుధవారాలు ఏదో పని చెప్పుకుని వెళ్లలేదు. నాలుగో బుధవారం వెళ్తే ఆయన మామూలుగానే ఉన్నాడు. డబ్బా తూటాలిచ్చాడు, పక్కన నిలబడ్డాడు, ఖాళీ అని చూపించమన్నాడు, మూడుసార్లు చూశాడు. తర్వాత తుపాకీ బల్ల మీద పెట్టి చేతి గ్లవ్ తీశాడు. నా ఎదురుగా వచ్చి నిలబడి చెయ్యి చాచాడు.

"మనం సరిగ్గా పరిచయం చేసుకోలేదు" అన్నాడు. తన పూర్తి పేరు చెప్పాడు, ఫోన్లో గార్డు చెప్పినట్టే, మూడు పేర్లూ.

నేను చెయ్యి కలిపాను. ఆయన చెయ్యి చల్లగా ఉంది.

"తప్పు నాదే. నీ పేరు నేర్చుకోవడానికి ఏడాది తీసుకున్నాను, నా పేరు నీకు చెప్పనేలేదు. పాపం, ఎవరో పోలీసు ఫోన్ చేసి ఏదో పేరు చెప్తే నువ్వేమంటావు?"

తప్పించుకోవడానికి నాకు తలుపు తెరిచి పట్టుకున్నాడు. నేను అందులోంచి దూరిపోయాను.

"అవునండీ" అన్నాను. "పేరు వినగానే తట్టలేదు."

ఆయన ఒకవైపు చెవి కప్పు ఎత్తాడు. అప్పుడు గదిలో ఎవరూ కాల్చడం లేదు, ఎత్తాల్సిన పని లేదు.

"ఇంకో పేరు ఇమ్మన్నారు" అన్నాడు.

ఆయన అడగలేదు. అలా ఎత్తి పట్టుకుని ఉన్నాడంతే. మళ్లీ నా పేరే ఇవ్వండి, ఈసారి నేనే స్టేషన్‌కి వెళ్లి చెప్తాను అనడానికి ఎనిమిది, పది మాటలు సరిపోతాయి.

"ఎవరో ఒకరు దొరుకుతారు లెండి" అన్నాను.

"గ్రాండ్" అన్నాడు. చెవి కప్పు దించేసుకున్నాడు.

అప్పటికి ఆ మాట అర్థం నాకు తెలుసు. ఆ రోజు చివరి పది నిమిషాలు ఆయన కర్రతో ఖోళ్లు ఏరుతూ గడిపాడు. టీ పోశాడు. బిస్కెట్టు కూడా ఇచ్చాడు.

వసంతంలో నా పౌరసత్వం వచ్చింది. ఆ కాగితం వంటింట్లో ప్రెస్‌లో, అంటే గోడ అలమారలో, టీ కప్పుల పైన పెట్టాం. ఇక భయపడాల్సిందేమీ లేదు. వెళ్లి ఆయనతో చెప్పాలని ప్రతి బుధవారం అనుకున్నాను, ఏ బుధవారమూ వెళ్లలేదు. భయం ఉన్నన్నాళ్లు అది అడ్డంగా నిలబడి నన్ను నాకు కనపడనివ్వలేదు. అది పోయాక నేనొక్కణ్ణే మిగిలాను. ఆయనకి లైసెన్సు వచ్చిందో లేదో కూడా కనుక్కోలేదు.

బల్ల తెచ్చుకోకుండా ఆ శనివారం సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లాను. కంచె పొడుగునా కార్లు ఆగి ఉన్నాయి. మెరిసే పసుపు చొక్కా వేసుకున్న పొరుగాయన ఎక్కడ నిలపాలో చూపిస్తున్నాడు. ఇక్కడ పోయిన మనిషిని ఇంట్లోనే పడుకోబెట్టి తలుపు తీసి ఉంచుతారు. ఎవరైనా రావచ్చు, ఇంటివాళ్లతో వరసగా చెయ్యి కలుపుతూ లోపలికి నడవాలి. అందరూ ఒకటే మాట అంటారు, మీ కష్టానికి విచారిస్తున్నాను అని. కారులో ఆ మాట నాలుగుసార్లు అనుకున్నాను.

వరస చివర ఆయన కూతురు. యాభై ఏళ్లుంటాయి. నేను చెయ్యి చాచగానే జుట్టు ఒక చెవి వెనక్కి తోసి నా మొహంలోకి చూసింది. ఆ కదలిక నాకు తెలుసు.

"మీరు బుధవారం మనిషి కదూ" అంది. అని నా పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం తప్పకుండా పలికింది.

చాచిన నా చెయ్యి అందుకుంది.

"నాన్న గిన్నెలు కడుగుతూ సాధన చేసేవాడు. ఇంట్లో అందరికీ నేర్పాడు, కుక్కకి తప్ప" అంది. "లైసెన్సు సంగతి కూడా చెప్పి నవ్వేవాడు. రెండేళ్లు పక్కన నిలబడి మీకు తన పేరే చెప్పలేదట. పోలీసు అడిగితే మీరు పాపం తెలియదన్నారట."

"లైసెన్సు వచ్చిందా?"

"లేదు. ఇంకో పేరు ఎవరిదీ రాయలేదు. రాయమంటే చూద్దాంలే అనేవాడు. తుపాకుల దుకాణానికి వెళ్లి ఆవిడని చూసొచ్చేవాడు, నెలకోసారి."

నా వెనక వరస ఆగి ఉంది. ఎవరో దగ్గారు.

"ఆ కథ సగమే నిజమండీ" అన్నాను. "గార్డు రెండోసారి రేంజ్ అని చెప్పాడు. అప్పుడు నాకు తెలిసింది. తెలిసే, పరిచయం లేదన్నాను. నాన్నగారితో కూడా అబద్ధమే చెప్పాను."

ఆయన కూతురు నా చెయ్యి వదల్లేదు. కోపమో కాదో నాకు తెలియలేదు. ఆ మొహంలో నేను వెతికింది క్షమ అయితే, అది కనపడలేదు. అప్పుడు అంది:

"మా నాన్న దేన్నయినా మూడుసార్లు చూడకుండా వదిలిన మనిషి కాదు."

అని నా చెయ్యి వదిలి, నా వెనకాయన వైపు తిరిగింది.

ముందుగదిలో ఆయన ఉన్నాడు. టోపీ లేని తల మొదటిసారి చూశాను, నుదురు పైభాగం తెల్లగా, ఎండ ఎరగని చర్మం. చేతులు ఒకదాని మీద ఒకటి పెట్టారు. మొదటిరోజే పేరు పెట్టి పిలవమన్నాడు. గదిలో ఇంకెవరూ లేనప్పుడు వంగి, మూడు పేర్లూ కలిపి పిలిచాను, అంకుల్ అని చేర్చకుండా.

ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక కాగితం పక్కన నిలబడి అవును, ఈయన నాకు బాగా తెలుసు అని చెప్పాల్సిన రోజు నేను చెప్పలేదు. ఇప్పుడు నా కాగితం మీదికి ఆయన్ని సాక్షిగా పిలవలేను.